ఎవరింటి చుట్టాలు

శంకరన్ ఆ నోట్లను చేత్తో ముట్టుకోలేదు. పెన్ను మూతతో మెల్లగా బల్ల ఇవతలికి నెట్టాడు. అవి అంచు దాటి కింద పడబోతుంటే లోకేశ్వరి అరచెయ్యి అడ్డం పెట్టి ఆపుకుంది.

“నీ దగ్గర వరి తీసుకునేకి లేదమ్మా,” అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. కౌంటరు మూసేసిన గుమస్తా అన్నట్టు అన్నాడు. “మొగదిక్కు లేని ఇంటికి వరి లేదు. పెద్దలు పెట్టిన పద్ధతి. దుడ్డు మిగిలె గదా, సంతోషంగా ఇంటికి పో.”

వరి అంటే ఆ వైపు తెలుగిళ్లలో పంట కాదు, పన్ను. తమిళనాట కోయంబత్తూరు దగ్గరి అన్నూరు చుట్టుపక్కల పొలాల్లో చెదిరి ఉన్న ఆ వంశం ఇళ్లన్నీ ఏటా కులదైవం కొలుపుకు వారం ముందు గుడి మండపంలో కూడి వరి కడతాయి. కట్టిన ఇంటి పేరును కొలుపు పొద్దున మైకులో పిలుస్తారు. పిలిచిన ఇంటికి గుడి ఆవరణలో సున్నంతో గీసిన గడిలో పొయ్యి పెట్టుకునే హక్కు వస్తుంది. పేరు పిలవని ఇంటివాళ్లు పక్కవాళ్ల పొయ్యి దగ్గర నిలబడి, వాళ్లు పెట్టిన ప్రసాదం కళ్లకద్దుకుని రావాలి. మొగుడు పోయిన దగ్గర్నుంచి లోకేశ్వరి అలాగే నిలబడుతోంది. జాలిపడి మినహాయించారనే ఇన్నాళ్లూ అనుకుంది. జాలి వేరు, లెక్కలోంచి తీసెయ్యడం వేరు అని ఈమధ్యే తెలిసివచ్చింది. ఈ ఏడు తన పేరు మైకులో వినాలని, తన గడిలో తన కుండ పొంగించుకోవాలని ఆమెకు గట్టి పట్టుదల వచ్చింది.

“ఈ దుడ్డు నాది బావా. నేను రాసి సంపాదించింది.”

శంకరన్ ఆమె మొగుడికి పెదనాన్న కొడుకు, గుడికి కార్యదర్శి. ఆ మాటకు ఆయన కనుబొమలు పైకి లేచాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, “ఫోన్లో ఏమో రాస్తాదంట మామా. చదివినోళ్లు కాయిన్లు పంపుతారంట,” అన్నారు.

“మొగము తెలవనోళ్లు పంపిన దుడ్డు సామికి ఎట్ల కడతావమ్మా?” అని శంకరన్ తల పక్కకు తిప్పి, “ఊఁ, ఎవురప్పా తరువాత?” అన్నాడు.

లోకేశ్వరికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంటిదాకా ఆ మంట ఆరలేదు.

మర్నాడు ఆమె పనిచేసే బట్టల యూనిట్లో చెకింగ్ టేబుల్ మీద టీషర్టులు గుట్టలుగా పడ్డాయి. చొక్కాను తిరగేసి, లోపల అరచెయ్యి పెట్టి, వేళ్లు చాపి కుట్టు వెంట నడిపించాలి. జారిన కుట్టు కంటికన్నా ముందు వేలికి తగులుతుంది. తగిలిన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించి పక్కన పడేస్తే అది మళ్లీ మిషను దగ్గరికి పోతుంది. వేలాడే దారాన్ని ట్రిమ్మరుతో టక్కున కోసెయ్యాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే లోకేశ్వరి తలలో మాటలు వరస కడుతుంటాయి. ఆరోజు వరస కట్టలేదు, ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

ఎదుటి స్టూలు మీద కూర్చునే ఆరోగ్యమేరి, మొగం ఎందుకలా ఉందని అరవంలో అడిగింది. ఆమెకు తెలుగు రాదు. అయినా లోకేశ్వరి రాసిందల్లా మధ్యాహ్నం అన్నాల దగ్గర చదివించుకుని వింటుంది. సగం అర్థమైతే చాలు, మిగతా సగం నీ మొగం చూసి తెలుసుకుంటానంటుంది.

లోకేశ్వరి మొదట్లో వంశంవాళ్ల వాట్సాప్ గ్రూపులో రాసేది. పెళ్లిళ్లలో పొద్దుటినుంచి కూరగాయలు తరిగిన ఆడవాళ్లకు చివరి పంక్తిలో చారు కూడా మిగలదని ఒకసారి రాసింది. గ్రూపుకు అడ్మిన్ శంకరనే. సాయంత్రానికల్లా ఆ రాత లేదు, గ్రూపులో లోకేశ్వరీ లేదు. అప్పుడు కూతురు దర్శిని, కాలేజీలో కంప్యూటర్ చదివే పిల్ల, ఎక్కడో వెతికి ఇంకో చోటు చూపించింది.

“ఇక్కడ అడ్మినే లేడమ్మా,” అంది.

రాసింది ఏదో ఒక కంపెనీ పెట్టెలో కాకుండా లోకంలో ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లన్నిటిలో ఒకేసారి నిలుస్తుందట. తీసెయ్యమని అడగడానికి ఓనరంటూ ఎవరూ ఉండరట. చదివినవాళ్లకు నచ్చితే బొత్తాం నొక్కి, తమ దగ్గరున్న కాయిన్లో ఒక తునక నేరుగా రాసినవాళ్లకే పంపుతారట, మధ్యలో తరుగు తీసే దళారి లేకుండా. కావాలంటే వాటిని రూపాయలుగా మార్చుకోవచ్చట. లోకేశ్వరి సగం నమ్మి, సగం నమ్మక మొదలుపెట్టింది. మాట ఇంట్లో మాట్లాడే తెలుగు, అక్షరం బడిలో నేర్చిన అరవం. తెలుగు అక్షరాలు ఆమెకే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు.

మొదటిసారి వచ్చిన తునక టీ ఖర్చుకు కూడా చాలదు. దానితో పాటు ఒక మాట వచ్చింది. బోడినాయకనూరులో ఏలక్కాయల మండీలో కాయలు ఏరే లక్ష్మిప్రియ అనే అమ్మాయి, “అక్కా, మా అవ్వ మాట్లాడినట్టే రాస్తివి. మండీలో అందరికీ చదివి చూపిస్తిని,” అని పంపింది. ఎవరూ రాయమనకుండా, ఎవరూ జీతమివ్వకుండా తాను చేసిన పనికి ఎక్కడో కొండ కింద ఊళ్లో ఒక మనిషి విలువ కట్టింది. జీతం అందిన రోజున కూడా లోకేశ్వరి అంత నిటారుగా ఇంటికి నడవలేదు.

శంకరన్ దుడ్డు నెట్టిన మర్నాడు, ఆ సోమవారం అన్నాల వేళ ఆమె డబ్బా మూత తియ్యలేదు. ఫోను తీసి బొటనవేళ్లతో రాసుకుపోయింది.

“నా దుడ్డును మా బావ చేత్తో తాకలే. పెన్ను మూతతో నెట్టె. నేను చొక్కాలు చూసే పని చేస్తాను. చొక్కాలో తప్పుంటే బాణం అంటించి సరిచేసేకి పంపుతాము గాని పారెయ్యము. నాలో తప్పు ఏడ ఉండాదో ఎవరైనా ఆ బాణం అంటించి చూపండి. మొగుడు పోయింది తప్పా? అది నేను చేసింది కాదే.”

చదివి వినిపిస్తే ఆరోగ్యమేరి తన డబ్బాలోంచి గుడ్డు తీసి లోకేశ్వరి డబ్బాలో పెట్టి, ముందు తినమంది.

బుధవారానికి ఆ రాత ఊళ్లు తిరిగింది. కోవిల్‌పట్టి నుంచి ఒకామె, ఉడుమలపేట నుంచి ఒకామె, మా ఊళ్లోనూ ఇంతేనని రాశారు. కోయంబత్తూరు గాంధీపురం బస్టాండు దగ్గర లాడ్జి నడిపే రత్నసభాపతి అనే పెద్దాయన కాయిన్లు పంపుతూ, “మా ఇంటామెకు చదివి వినిపిస్తిని అమ్మా. ఇంకోసారి చదవమనె. మా మాట ఇట్ల రాతలో చూసింది ఇదే మొదలు,” అన్నాడు. దర్శిని ఒక్కొక్కటీ చదువుతుంటే అత్తగారు రక్కమ్మాళ్ అనపకాయలు ఒలుస్తూ చెవులు రిక్కించి వింటోంది. లోకేశ్వరి మాత్రం మధ్యమధ్య, “ఏదీ, ఆ చివరిది మళ్లీ చదువు,” అంటూ ఉబ్బిపోయింది. ఉబ్బకేం చేస్తుంది పాపం!

ఆ సాయంత్రం మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. శంకరన్ అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాకే నోరు విప్పాడు.

“ఆ రాసిందాన్ని తీసెయ్ అమ్మా.”

“తీసేకి కాదు బావా.”

“కాదంటే? రాసేకి అయింది, తీసేకి కాదా? అడ్మిన్ నంబరు ఇవ్వు, నేను మాట్లాడుతాను.”

“అడ్మిన్ లేడు.”

“అడ్మిన్ లేకుండా ఎట్ల నడుస్తాది?” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “బస్సుకు కండక్టరు లేడా, పంచాయతీకి ప్రెసిడెంటు లేడా? ఎవురో ఒకరు ఉంటారు గదా. నీవు దాస్తాండావు.”

“దాయలే బావా. నిజంగా లేడు.”

శంకరన్ తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

“నా కూతురి అత్తగారింట్లో చదివినారమ్మా. మీ నాయనేనా ఆ పెన్ను మూతాయన అని దాన్ని అడిగినారంట. నేనేమన్నా దొంగతనం చేస్తినా? పద్ధతి చెప్తిని, అంతే. సరి, ఒక మాట చెప్తా విను. నీవు అది తీసెయ్. నీ మరిది రామ్‌కుమార్ పేరుమీద నేను వరి రాసుకుంటాను. గడి ఇస్తాను. నీ దుడ్డే, నీ కుండే, నీవే పొంగించుకో. ఎవురూ ఏమీ అనరు.”

లోకేశ్వరికి గడి కళ్లముందు కనిపించింది, మధ్యలో మూడిటికల పొయ్యి, దానిమీద కొత్త కుండ. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. తలుపు వెనకే ఉన్న దర్శిని చెవిలో గుసగుసలాడింది.

“అమ్మా, మన పేజీలో కనపడకుండా దాచే బొత్తాం ఉండాది. పోస్టు ఏడికీ పోదు, వేరే దారిలో చదివేవాళ్లు చదువుతానే ఉంటారు. పెద్దనాయనకు తెలవదు. నొక్కేస్తే అయిపాయె.”

నొక్కేస్తే అయిపోతుంది. శంకరన్ తన ఫోన్లో చూసి, లేదని సంతోషపడి, ఆదివారం గడి ఇస్తాడు. ఆ గడి రామ్‌కుమార్ పేరుకు. కోయంబత్తూరులో కాపురముంటూ ఏ కొలుపుకూ రాని రామ్‌కుమార్‌కు! అందులో తాను నిలబడేది ఒక అబద్ధం చెప్పి. లోకేశ్వరి గ్లాసు కడిగి బోర్లించి బయటికి వచ్చింది.

“బావా, తీసేకి కాదు, దాచేకి అవుతాది. దాచితే నీ ఫోన్లో కనపడదు, ఇంకోళ్ల ఫోన్లో కనపడుతాది. నిన్ను ఏమార్చి గడి తీసుకుంటే సామి ముందర ఎట్ల నిలబడేది? రామ్‌కుమార్ పేరుకు నాకు గడి వద్దు. నా పేరు పిలిస్తే వస్తాను.”

“అట్లయితే లేదు,” అన్నాడు శంకరన్ లేచి. బండి ఎక్కాక మళ్లీ తిరిగి చూసి, “మొండిదానివే,” అన్నాడు. అది తిట్టులాగా లేదు, మెప్పులాగానూ లేదు.

బండి మలుపు తిరిగేదాకా లోకేశ్వరి వాకిట్లోనే నిలబడింది. చేజేతులా పోగొట్టుకున్నానని ఒకపక్క దిగులు. ఇంకోపక్క ఎందుకో తల మాత్రం దిగడం లేదు.

రక్కమ్మాళ్ అనపగింజల చేట పక్కకు జరిపి, “అది సరి. ఈ కాయినో ఏమో పెట్టినోళ్లు ఎంతమంది ఉంటారు?” అని అడిగింది.

“ఎందుకత్తా?”

“పిలవద్దా మరి? మొయ్ పెట్టినోళ్లను పిలవకుండా ఉంటే ఏం మర్యాద?”

లోకేశ్వరికి నవ్వొచ్చింది. రక్కమ్మాళ్ పుట్టిల్లు బోడి, అంటే బోడినాయకనూరు పక్క. ఆ సీమలో విందుకు పోయినవాళ్లు మొయ్ పేరుతో డబ్బు చదివించడం, చదివించినవాళ్లను తమ ఇంటి కార్యానికి తప్పక పిలవడం ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. పిలుపు మరిస్తే తరాలు మాట్లాడుకోరు.

“అది మొయ్ కాదత్తా. వాళ్లు చదివి, నచ్చి, ఇష్టంగా ఇచ్చింది. తిరిగి ఏమీ చెయ్యబన్లేదు.”

“తిని ఇచ్చినా, చదివి ఇచ్చినా ఇచ్చిందే గదా. ఎన్నాళ్లుగా తీసుకుంటాండావు? ఒకరికన్నా ఒక ముద్ద పెడితివా?” అని రక్కమ్మాళ్ నిజంగానే కోప్పడింది. “నా ఇంటి కోడలు ఊరంతా మొయ్ తీసుకొని ఊరకే ఉండె అంటే నేను బోడికి ఎట్ల పోయేది? ఆదివారం కొలుపు. రమ్మని రాయి.”

“గడే లేదు గదా అత్తా. ఏడ పెట్టేది వాళ్లకు?”

“గీత బయట భూమి లేదా? సామి కన్ను గీత దాకానేనా చూసేది?”

ముసలామెతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. గురువారం అన్నాల వేళ లోకేశ్వరి రాసింది. “మా అత్త మీరు పెట్టింది మొయ్ అనుకుంటాది. కాదంటే వినదు. ఆదివారం అన్నూరు దగ్గర మా కులదైవం కొలుపు. గుడిలో నాకు చోటు లేదు. గుడి బయట పొయ్యి పెడతాను. మొయ్ పెట్టినోళ్లు అందరూ వచ్చి ఒక ముద్ద తినిపోండి.” గుడికి వచ్చే దారి కూడా రాసింది. కింద కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వస్తామని ఎవరూ అనలేదు. బతికిపోయాననుకుంది లోకేశ్వరి.

ఆదివారం తెల్లవారేసరికి గుడి చుట్టూ జొన్నచేల మీద మైకు మోగుతోంది. చింతచెట్లకు కట్టిన గొట్టాల్లోంచి శంకరన్ గొంతు ఒక్కొక్క ఇంటినీ పిలుస్తోంది. పిలిచిన ఇంటివాళ్లు కుండలు ఎత్తుకుని గడుల్లోకి నడుస్తున్నారు. లోకేశ్వరి తన పేరు రాదని తెలిసీ చివరి పేరు దాకా విన్నది. రాలేదు. సున్నపు గీతకు బయట, బండ్లు ఆపే చోట మూడిటికలు పేర్చి పొయ్యి ముట్టించింది. రక్కమ్మాళ్ పట్టుపట్టి తెప్పించిన అండాలో పప్పుసాదం ఉడుకుతోంది. అంత సాదం ఎవరు తినాలో ఆ దేవుడికే తెలియాలి. గీత లోపలివాళ్లు చూసీ చూడనట్టు చూస్తుంటే లోకేశ్వరి గరిట తిప్పుతూ పొయ్యిలోకే చూసింది.

ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. పొరుగూరి చుట్టం ఎవరు వచ్చినా మొదట మండపం దగ్గరికి పోయి ఏ ఊరు, ఎవరింటికి అని చెప్పాలి. మైకులో పిలిస్తే ఆ ఇంటివాళ్లు నీళ్ల చెంబుతో ఎదురొచ్చి తీసుకుపోవాలి. వచ్చిన చుట్టం పిలుపు లేకుండా నిలబడిపోతే అది ఒక్క ఇంటికి కాదు, వంశానికే తలవంపులు. మైకు పట్టిన నాటినుంచి ఒక్క చుట్టాన్నీ నిలబెట్టలేదని శంకరన్‌కు మహా గొప్ప.

ఎండ ఎక్కుతుండగా ఒక పడుచుపిల్ల తల్లిని వెంటబెట్టుకుని మండపం మెట్లెక్కింది. చేతిలో సంచీ, రాత్రంతా బస్సులో వచ్చిన మొగం.

“ఏ ఊరమ్మా?” అన్నాడు శంకరన్.

“బోడినాయకనూరు. నా పేరు లక్ష్మిప్రియ.”

“ఎవరింటికి?”

“లోకేశ్వరి అక్క ఇంటికి.”

శంకరన్ మైకును అరచేత్తో మూశాడు. “మొగోళ్ల పేరు చెప్పు తల్లీ. ఇంటాయన పేరు.”

“నాకు తెలవదు. అక్క పేరే తెలుసు.”

ఆయన ఆ పిల్లను, ఆమె తల్లిని, వాళ్ల కాళ్ల దుమ్మును చూశాడు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు. చెయ్యి తీసి, “బోడినాయకనూరు నుంచి చుట్టాలు వచ్చినారు,” అని ఆగాడు. గడుల్లోంచి అందరూ తలలెత్తారు. “ఎవరింటికీ?” అని ఎవరో గట్టిగా కేకేశారు. శంకరన్ గొంతు సవరించుకున్నాడు. సవరించుకున్నదీ మైకులో వినిపించింది.

“లోకేశ్వరి ఇంటికి.”

చింతచెట్ల మీదనుంచి ఆ మాట జొన్నచేలలోకి పోయింది. గరిట పట్టుకుని నిలబడ్డ లోకేశ్వరికి ఒక క్షణం అది తన పేరేనని తెలియలేదు.

“నిలబడతావేమే!” అని రక్కమ్మాళ్ చెంబు చేతిలో పెట్టింది. “పిలుస్తాండారు. ఎదురుపో.”

లోకేశ్వరి గీత దాటి, గడుల మధ్యగా అందరూ చూస్తుండగా మండపం దాకా నడిచింది. ఆపినవాళ్లు లేరు. చుట్టాన్ని తీసుకురావడానికి పోయే మనిషిని ఎవరాపుతారు? లక్ష్మిప్రియ ఆమెను ఎన్నడూ చూడలేదు. అయినా చూడగానే, “అక్కా!” అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు ఏలక్కాయల వాసన వేస్తున్నాయి.

తరువాత గాంధీపురం నుంచి రత్నసభాపతి భార్యతో కారు దిగాడు. శంకరన్ ఈసారి తెలివిగా, “గాంధీపురం నుంచి రామ్‌కుమార్ వదిన ఇంటికి...” అని మొదలుపెట్టాడు. పెద్దాయన మైకుకు దగ్గరగా వంగి, “రామ్‌కుమార్ ఎవురప్పా?” అని అడిగాడు. గొట్టాలన్నిటిలోంచి ఆ ప్రశ్న మోగింది. గడుల్లో ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. “నేను వచ్చింది లోకేశ్వరి ఇంటికి,” అన్నాడు పెద్దాయన.

“లోకేశ్వరి ఇంటికి,” అన్నాడు శంకరన్.

కోవిల్‌పట్టి నుంచి, ఉడుమలపేట నుంచి వచ్చారు. ఒకరు పెరుగు కుండతో, ఒకరు చంటిపిల్లతో. కొందరు కాయినంటే ఏమిటో కూడా తెలియక, చదివి వినిపించినవాళ్ల వెంట వచ్చినవాళ్లు. ఆరోగ్యమేరి చర్చిలో ఆదివారం పూజ ముగించుకుని, అక్కడికి కట్టుకెళ్లిన చీరతోనే వచ్చి, లోకేశ్వరి ఇల్లని అరవంలో ఠక్కున చెప్పింది. ఒక్కొక్కరికీ ఊరు మారుతోంది గాని ఇల్లు మారడం లేదు. మొదట్లో పేరుకు ముందు తడబడిన శంకరన్ గొంతు పోనుపోను తడబడటం మరిచిపోయింది. నీళ్ల చెంబుతో వచ్చీపోయే లోకేశ్వరి కాళ్ల కింద సున్నపు గీత ఆ మేర చెరిగిపోయింది. గర్వంగా ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనే చెప్పేది. అడిగే తీరిక ఎవరికుంది? ఆకులు వెయ్యడానికే చేతులు చాలడం లేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక శంకరన్ మైకు ఇంకొకరికిచ్చి దిగాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పొద్దుటినుంచి పచ్చి గంగ ముట్టలేదు. సొంత ఇంటి గడివైపు నడుస్తున్నవాడు ఎందుకో ఆగి, ఇటు తిరిగి, గీత దాటి వచ్చాడు.

“ఏ ఊరప్పా?” అంది రక్కమ్మాళ్, గరిట పైకెత్తి.

“ఆకలిగా ఉండాది చిన్నమ్మా,” అన్నాడాయన.

లోకేశ్వరి ఆకు పరిచి నీళ్లు చిలకరించింది. “కూర్చో బావా.” ఆయన రత్నసభాపతి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. వరి సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. అది పెద్దల కూటంలో తేలాలి, ఎప్పుడు తేలుతుందో. ఆయన రెండు ముద్దలు తిని, పప్పు బాగుందన్నట్టు తల ఆడించాడు. ఆమె మళ్లీ గరిట ముంచుతుండగా మైకు మోగింది. కొత్తగా పట్టిన కుర్రవాడి గొంతు ఏదో ఊరి పేరు చెప్పింది. గాలికి సగమే వినబడింది. లోకేశ్వరి వినలేదు, వడ్డనలో ఉంది.

శంకరన్ తినే చెయ్యి ఆపాడు. తల ఎత్తి, ఎడమచేత్తో ఆమె చేతిలోంచి గరిట తీసుకున్నాడు.

“నేను వేసుకుంటాను. నీవు పోమ్మా,” అన్నాడు బొంగురు గొంతుతో. “నీ ఇంటికి చుట్టాలు వచ్చినారు.”